ఎనిమిదో అంశానికి మునెమ్మ చెయ్యెత్తిన సంగతి

మా పురసభ వచ్చే సమావేశపు అజెండాను మొన్న నోటీసు బోర్డు మీద అతికించారు. ఉద్యోగం వదిలేసినా, పొద్దున నడకకు వెళ్ళినప్పుడు ఆ బోర్డు ముందు ఆగే అలవాటు నాకు పోలేదు. కొందరు గుడి ముందు ఆగినట్టు నేను అక్కడ ఆగుతాను. దండం మాత్రం పెట్టను. లోపల ఉన్నవాళ్ళు నాకు తెలుసు.

అజెండాలో పెద్ద వింతలేమీ లేవు. సంత వేలం ఉంది. వీధికుక్కలు ఉన్నాయి. అవి వీధిలోనూ అజెండాలోనూ ఎప్పుడూ ఉంటాయి. నాలుగో అంశం దగ్గర మాత్రం నా కళ్ళు నిలిచిపోయాయి. గుట్ట కింద వీధిలో కొత్త బోరు వేసి మోటారు బిగించే విషయం అది.

ఆ వీధికి ఒకప్పుడు మంచి బోరు, మంచి మోటారు ఉండేవి. అవి ఎలా పోయాయో ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ వార్డు సభ్యురాలు మునెమ్మే సభలో చెయ్యెత్తి, మోటారును కొత్త లేఔట్‌కు అప్పగించిందని. ఊరంతటికీ తెలిసిన ఈ సంగతి తప్పు. ఎందుకు తప్పో ఇన్నేళ్ళూ తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు మునెమ్మ. రెండోవాడిని నేను.

కౌన్సిల్ విభాగంలో గుమాస్తాగా చేరి, యాభై దాటాక స్వచ్ఛందంగా విరమించుకున్నాను. ఆ విభాగంలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఆ పని నిజంగా ఏమిటో చెప్పాలని ఇది రాస్తున్నాను. మునెమ్మ సంగతి దాటవేసి రాస్తే అది సగం పని. ఊరి పేరు రాయను, కన్నడ సీమలో కోలారు వైపు అని మాత్రం చెబుతాను. మామిడి కాలంలో శ్రీనివాసపురం లారీలు మా బజారును మూసేస్తాయి, ఊరిగాం వెళ్ళే బస్సు మా ఊళ్ళో ఆగుతుంది. ఈపాటి ఆనవాలు చాలు.

బోండాలు వచ్చే వేళ

అజెండా అంటే విషయాలను వరసగా టైపు చేయడమని అనుకుని చేరాను. అది టైపింగ్ కాదు, వంట అని నేర్పినవాడు మా సూపరింటెండెంట్ పాపన్న.

"ఏమప్పా, కయ్యం వచ్చే విషయాన్ని యాడ పెట్టల్ల?" అని మొదటి వారంలోనే పరీక్ష పెట్టాడు.

"మొదట్లో సార్. అందరూ చురుగ్గా ఉంటారు."

"ఇందుకే నిన్ను క్లార్కుగా తీసుకున్నారు. బోండాలు వచ్చే వేళకు పెట్టల్ల. చేతిలో చట్నీ కారతా ఉంటే ఎంత మగోడైనా లేచి నిలబడి మాట్లాడతాడా?"

నేను నవ్వాను. తరువాతి సమావేశంలో చూశాను. సంత దుకాణాల బాడుగ పెంచే విషయం సరిగ్గా బోండాల ప్లేట్లతోపాటు వచ్చింది. పోయిన నెల ఆ మాట ఎత్తితేనే బల్ల గుద్దిన సభ్యులు ఎడమ చేత్తో ప్లేటు పట్టుకుని కుడి చెయ్యి ఎత్తారు. ఆ చేతిలో సగం బోండా ఉంది. పాపన్న నా వైపు చూసి కన్ను గీటాడు.

మరో సభ్యుడు ఉండేవాడు. పదవిలో ఉన్నన్నాళ్ళూ కుక్కల మీదే మాట్లాడాడు. ప్రతిసారీ ఆ విషయాన్ని తరువాతి సమావేశానికి వాయిదా వేసేవాళ్ళం. పాపం, ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. కుక్కలు ఓడలేదు.

ఇవన్నీ చెప్పి నవ్వించడం సులువు. ఇంటికి వెళ్ళి నేనూ మా ఆవిడను నవ్వించేవాడిని. బోండాల వేళకు ఏ విషయం పెట్టాలో చెప్పేది పాపన్న కాదనీ, అధ్యక్షుడనీ గ్రహించడానికి చాలా కాలం పట్టింది. పాపన్న మంచి వంటవాడే. వంట ఎవరి పెళ్ళికో మాత్రం ఎప్పుడూ అడగలేదు. నేనూ అడగలేదు.

నంబరు చెబితే చాలు

మా అజెండా కార్యాలయపు కన్నడంలో ఉంటుంది. అది ఎవరి ఇంట్లోనూ మాట్లాడే భాష కాదు, కన్నడం మాట్లాడే ఇళ్ళల్లో కూడా. మా సభ్యుల్లో సగం మంది ఇంట్లో తెలుగు, కొందరి ఇంట్లో తమిళం, కొందరి ఇంట్లో ఉర్దూ. సంతలో కన్నడంలో బేరమాడి గెలిచేవాళ్ళు కూడా ఆ కాగితం చూస్తే తలకిందులుగా పట్టుకునేవారు.

సభలో చదివి వినిపిస్తారు గదా అంటారేమో. చదవరు. 'చదివినట్టుగా భావించడమైనది' అని ఒక దివ్యమైన వాక్యం ఉంది. ఆ వాక్యం అన్న తరువాత అధ్యక్షుడు అంశం సంఖ్య మాత్రం పిలుస్తాడు, సభ్యులు చేతులెత్తుతారు, సంఖ్య ముందుకు పోతుంది.

అందువల్ల సమావేశానికి ముందురోజు సభ్యులు ఒక్కొక్కరే నా బల్ల దగ్గరికి వచ్చేవారు. ఏ విషయం ఏమిటో వాళ్ళ భాషలో చెప్పేవాడిని. ఇది ఏ నియమావళిలోనూ లేని పని. నాకు ముందున్న గుమాస్తా చేశాడు, నేనూ చేశాను. మొదట్లో విషయం వివరించేవాడిని. పోనుపోను వాళ్ళకూ ఓపిక తగ్గింది, నాకూ తగ్గింది. "మూడుకు చెయ్యెత్తండి, అయిదుకు ఊరికే ఉండండి" అనే దాకా వచ్చాం. చాలామందికి అదీ అవసరం లేదు. పక్కవాడు ఎత్తితే ఎత్తేవారు.

మునెమ్మ అలా కాదు. ఆమె పుట్టింది కోలారు గనుల దగ్గరి ఆండర్సన్‌పేటలో. చిత్తూరు వైపు పల్లె నుంచి గనుల్లోకి పనికి వచ్చిన కుటుంబం. చదివింది తమిళ బడిలో, ఇంట్లో మాట తెలుగు, మా ఊరికి కోడలుగా వచ్చి వాకిట్లో ఇడ్లీలు పోసి అమ్మేది. వార్డు ఆడవాళ్ళకు కేటాయించారని మొగుడు ఆమెను నిలబెట్టాడు. గెలిచిన రోజు పూలదండ ఆయనే వేసుకున్నాడు. రెండో సమావేశానికి ఆయన్ని గేటు దగ్గరే ఆపి, టిఫిన్ క్యారియర్ చేతికిచ్చి, ఆమె ఒక్కతే లోపలికి వచ్చింది.

నా బల్ల దగ్గర కూర్చుంటే ఆమె ప్రతి విషయానికీ అదే ప్రశ్న వేసేది: "ఇది ఎవురికి లాభమప్పా? ఎవురికి నష్టం?" నేను గడియారం చూసేవాడిని.

ఆ సమావేశానికి ముందురోజు ఆమె వచ్చినప్పుడు నేను గడియారం చూడలేదు. అంశం పెద్దది. గుట్ట కింద వీధి బోరు మోటారును, పైపులతో సహా, కొత్త లేఔట్‌కు మార్చాలన్న ప్రతిపాదన.

"మోటారు తీస్తే మా ఆడోళ్ళు బిందెలెత్తుకోని యాడికి పోవల్ల?" అంది. "నేను లేస్తే జేవియర్ మాస్టరు, ఇంగ ఇద్దరు మెంబర్లు లేస్తామన్నారు. నా వార్డు గదా, నేను ముందర లేస్తేనే వాళ్ళకు మర్యాద."

"ఏడో నంబరు మీ మోటారుది, అక్కా. లేచి ఒక్క మాట చెప్పండి. నన్న విరోధవిదె, బరెదుకొళ్ళి. అంతే."

"ఒక్క మాటేనా? నాకు చానా ఉండాయి చెప్పేదానికి."

"చానా చెప్తే కయ్యానికొచ్చినారని కూర్చోబెడతారు. విరోధం ఉండాది, రాసుకోండి అంటే మాత్రం రాసుకోవాల్సిందే."

"రాసుకుంటారా నిజంగా?"

"రాసేది నేనే గదక్కా."

"సరే. ఎనిమిది?"

"మీ వీధి దీపాలు. చెయ్యెత్తండి. తొమ్మిది నుంచి అన్నీ బిల్లులు, మీ ఇష్టం."

"ఏడుకు లేసేది, ఎనిమిదికి ఎత్తేది," అని ఆమె లేచి కొంగు దులుపుకుంది. "ఇంతేనా? మా యింటి ఇడ్లీల లెక్క ఇంతకంటే కష్టమప్పా."

అధ్యక్షుడు డాక్టరైన రోజు

సమావేశం రోజు పొద్దున్నే అధ్యక్షుడు నన్ను పిలిపించాడు. బల్ల మీద బంగారు అక్షరాల పత్రం ఒకటి ఉంది. ఎక్కడిదో, ఎవరూ పేరు వినని సంస్థ ఆయనకు సమాజసేవకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

"సభ నన్ను అభినందించల్ల గదప్పా. ఒక తీర్మానం పెట్టు."

"ఇతర విషయాల్లో చివర పెడతాను సార్."

"చివర అందరూ చెయ్యి కడుక్కునేదానికి పోతారు. ఖాళీ కుర్చీలు చప్పట్లు కొడతాయా? మొదటి నంబరు చెయ్యి."

"నంబర్లన్నీ మారిపోతాయి సార్."

"మారనీ. నంబర్లకు నొప్పి తగుల్తుందా ఏమి?"

మళ్ళీ టైపు చేయించాను. పాత ప్రతుల బదులు కొత్త ప్రతులు సభ్యుల బల్లల మీద పెట్టించాను. ఆ తరువాత శాలువాకు పరుగెత్తాను. తెచ్చింది ఆకుపచ్చ శాలువా. డాక్టరుకు మెరూన్ రంగు ఉండాలన్నాడు. మళ్ళీ పరుగెత్తాను. ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను. మునెమ్మకు చెప్పాలన్న ఆలోచన ఆ పరుగుల్లో ఒక్కసారి కూడా రాలేదు. ఆమె వచ్చి, కొత్త అజెండా ప్రతి మీద తన చేతిసంచి పెట్టి, నిటారుగా కూర్చుంది.

ఒకటో అంశం చప్పట్లతో అయిపోయింది. డాక్టరు గారు శాలువా తీయకుండానే మిగతా నంబర్లు పిలుస్తూ పోయాడు. ఏడు అన్నాడు.

మునెమ్మ లేచి నిలబడింది. "నన్న విరోధవిదె, బరెదుకొళ్ళి."

సభ ఆమె వైపు తిరిగింది. ఆరో అంశంగా ఉండి ఏడైపోయిన ఆ విషయం ఏమిటంటే, ఊరు ఊడ్చే పౌర కార్మికులకు చేతి తొడుగులు, బూట్లు కొనడం. వాళ్ళల్లో చాలామంది ఆమె వీధివాళ్ళే.

ఇంకో రోజైతే అధ్యక్షుడు "ఏమమ్మా, ఎందుకు విరోధం?" అని అడిగేవాడు, అక్కడే బయటపడేది. ఆ రోజు ఆయన మనసు మెత్తగా ఉంది. "డాక్టరేట్ వచ్చిన రోజు నేను ఎవురినీ తిట్టను. రాసుకోప్పా," అన్నాడు నాతో. మిగిలినవాళ్ళు చేతులెత్తారు. బోండాలు వచ్చాయి.

ఆమె పాత నంబర్లతోనే ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఏడుకూ ఎనిమిదికీ మధ్య ప్లేట్లు సర్దే చప్పుడు ఉంది. "అక్కా, నంబర్లు మారినాయి" అనడానికి అది చాలు. అంటే అధ్యక్షుడు అడుగుతాడు: ఏ సభ్యురాలు ఏ నంబరుకు లేవాలో నీకెలా తెలుసు? నా బల్ల దగ్గర ఇన్నాళ్ళూ నడిచిన వ్యవహారం బయటికి వస్తుంది. అంత ఆలోచించాను. ఎనిమిది అన్నారు.

మునెమ్మ అందరికంటే ముందు, అందరికంటే ఎత్తుగా చెయ్యెత్తింది. గాజులు మోచేతి దాకా జారాయి. ఆమె లేస్తే లేవాలని కాచుకున్న ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వాళ్ళూ ఎత్తారు. ఏకగ్రీవం. నేను తల వంచి రాసుకున్నాను. తొమ్మిదికి, అంటే ఆమె వీధి దీపాలకు, ఆమె తన పని అయిపోయిందని నింపాదిగా బోండా తింటోంది.

వరండాలో జేవియర్ మాస్టరు ఆమెను ఆపాడు. పాత బడిపంతులు, ముక్కుసూటి మనిషి. "ఏమమ్మా, నీ మోటారుకు నువ్వే చెయ్యెత్తితే మేము యాడ లేసేది?"

"నేనా? ఎనిమిది దీపాలు గదా సార్?"

"దీపాలు తొమ్మిది. ఎనిమిది మోటారు. కాగితం చూసుకోలేదా?"

అది సాకని తేల్చుకుని మాస్టరు వెళ్ళిపోయాడు. ఆమె నా వైపు తిరిగింది. "ఏమప్పా?"

ఆ క్షణంలో కూడా సరిదిద్దవచ్చు. సభ్యురాలు పొరపడిందని ఒక మాట, అధ్యక్షుడి చేత ఒక సంతకం. నేను అన్నది ఇది: "నడవళి రాసేసినానక్కా."

నడవళి అంటే సభ తీర్మానాల రికార్డు. రాసేశాక దేవుడు కూడా చెరపలేడన్నట్టు చెప్పాను. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. నా పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ట్రాక్టరు వచ్చి మోటారును ఎత్తుకుపోయింది. అప్పటి నుంచి ఆ వీధికి ట్యాంకరు నీళ్ళే. తొడుగులు వచ్చాయి గానీ, వద్దన్నది ఎవరో కార్మికులకు ముందే తెలిసింది. ఆ దినాల్లోనే ఆమె అల్లుడికి ఎక్కడో డ్రైవరు పని దొరకడంతో ఊరికి లెక్క కుదిరిపోయింది. మునెమ్మ అమ్ముడుపోయింది అన్నారు. ఆమె వీధిలో నడుస్తుంటే పిల్లలు వరసగా చేతులెత్తి నిలబడేవారు. తరువాతి ఎన్నికల్లో ఆమెకు తన వీధిలోనే ఓట్లు పడలేదు.

నేను నేర్చుకున్నది

దీన్ని చాలాకాలం నంబర్ల పొరపాటుగానే చూశాను. తరువాత ఒకటి తట్టింది. ఆ రోజు నంబర్లు అందరికీ మారాయి. దెబ్బ తగిలింది ఒక్క మునెమ్మకే. జేవియర్ మాస్టరులాంటివాళ్ళు కాగితం చదువుకోగలరు. మిగిలినవాళ్ళు అన్నిటికీ చేతులెత్తేవాళ్ళు. వాళ్ళకు ఏడైనా ఎనిమిదైనా ఒకటే. పొరపాటు పడాలంటే ముందు ఒక ఉద్దేశం ఉండాలి. ఆ సభలో అది ఉన్న మనిషిని నేను బోల్తా కొట్టించాను.

కాబట్టి కొత్తగా వచ్చే పిల్లలారా, సభ్యులకు నంబరు చెప్పకండి, విషయం చెప్పండి. విసుగొచ్చినా చెప్పండి. ఎవరికీ లేని ఓపిక మీకు ఉండాలని జీతం ఇస్తున్నారు. పొద్దున వచ్చిన అంశాన్ని చివరే పెట్టండి, అధ్యక్షుడు డాక్టరైనా కలెక్టరైనా. సభలో తప్పు జరుగుతుంటే కలం ఆపి నోరు తెరవండి. మహా అయితే ఒక మెమో ఇస్తారు. నేను ఆ తరువాత వేరే విషయాల్లో రెండు మెమోలు తిన్నాను. బతికే ఉన్నాను.

ట్యాంకరు దగ్గర

బోర్డు మీద నాలుగో అంశం చూసిన పొద్దున నేరుగా మునెమ్మ ఇంటికి వెళ్ళాను. ఇడ్లీ పాత్ర దించుతోంది. ఎవరూ రానట్టే తన పని తాను చేసుకుంది.

"అక్కా, మీ వీధి బోరు అజెండాలోకి వచ్చింది."

"తెలుసు. మంగళవారం మావాళ్ళు సభ్యుల ఇళ్ళకు పోతా ఉండారు అడుక్కునేదానికి. ఆ రాణి ముందర."

"మీరు పోవడంలేదా? ఎవరితో ఎట్లా మాట్లాడాలో మీకు తెలిసినట్టు వాళ్ళకేం తెలుసు?"

"నన్ను పిలిస్తే గదా. నేనొస్తే బోరు కూడా అమ్ముకోని వస్తానంట."

జరిగిందంతా రాస్తున్నానని, సభకు అర్జీ ఇచ్చి అందరి ముందూ చెబుతానని అన్నాను. ఆమె మొదటిసారి నవ్వింది.

"సభలోనా? చదివినట్టు అనుకుంటామంటారు. చెప్పేదుంటే ట్యాంకరు కాడ చెప్పు. మర్యాద యాడ పోయిందో ఆడే వెతకల్ల."

ట్యాంకరు వచ్చే వేళకు వెళ్ళాను. వీధి పొడుగునా బిందెలు వరసలో ఉన్నాయి. మునెమ్మవి అన్నిటికంటే చివర, కొంచెం ఎడంగా. ముందర రాణి నిలబడి ఉంది. బడిలో ఆయాగా పనిచేస్తుంది, కోలారు గనుల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆమె తమ్ముడు పౌర కార్మికుడు. తొడుగుల సంగతి తరువాత మునెమ్మతో మాట మానేసిన మనిషి.

నేను చెప్పాను. గుమాస్తాకు గట్టిగా మాట్లాడే అలవాటు ఉండదు. "వినబడలా, మళ్ళీ చెప్పప్పా" అన్నారు. రెండోసారి అందరికీ వినబడింది. ట్యాంకరు డ్రైవరు కూడా దిగి వచ్చి విన్నాడు.

"ఇన్నేళ్ళూ నోట్లో కొళుకట్ట కుడుము పెట్టుకోనుంటివా?" అంది రాణి.

"రిటైరైతే ధైర్యం వస్తాదేమోక్కా," అంది ఇంకొకామె.

"పెన్షన్ ఆర్డరు చేతికొచ్చినాక వస్తుందమ్మా," అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. రాణి నవ్వలేదు. వరస చివరికి చూస్తూ గొంతెత్తింది.

"మునెమ్మా! వీడంటే క్లార్కు. నీకేమొచ్చింది, నువ్వు చెప్పకూడదా మాతో?"

"ఏమని చెప్పేది?" అంది మునెమ్మ అక్కడి నుంచే. "క్లార్కు చెప్పిన నంబరుకు ఎగిరే కోడి అనిపించుకోనా? అమ్ముడుపోయింది అంటే, నాకూ ఒక వెల ఉండాది అని అయినా అనుకుంటారు గదా!"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. వరసంతా నవ్వింది. రాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, వీధి చివరి దాకా నడిచి వెళ్ళి, మునెమ్మ బిందెలు రెండూ రెండు చేతుల్లో పట్టుకుని వచ్చి, తన బిందెను కాలితో పక్కకు జరిపి ట్యాంకరు పైపు కింద పెట్టింది.

"మంగళవారం పొద్దున్నే రావల్ల," అంది మునెమ్మ వైపు చూడకుండా. "జాకెట్టు ఇస్త్రీ చేసుకో."

బిందెలు నిండాయి. వంగబోయిన మునెమ్మ ఆగి నా వైపు చూసింది. "ఏమప్పా, వేడుక చూసేదానికి వచ్చినావా? ఎత్తు."

ఎత్తాను. ఒకటి భుజం మీద, ఒకటి చేతిలో. నాలుగడుగులకే చొక్కా తడిసిపోయింది. వెనకాల ఆడవాళ్ళు మంగళవారం ముందుగా ఏ సభ్యుడి తలుపు తట్టాలా అని వాదించుకుంటూ వస్తున్నారు. బిందె అడ్డం వల్ల తల తిప్పి చూడలేకపోయాను. గొంతులు మాత్రం వినబడ్డాయి. అన్నిటికంటే పైగా మునెమ్మది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.